టేకు పలక

కృష్ణపట్నం రేవులో ఒడ్డుకు లాగిన మోటారు పందెం పడవ పక్కన దాని యజమానీ, దాన్ని నడిపేవాడూ నిలబడి ఉన్నారు. పందెం రేపే.

“నా సీటు కింద వేసి బోల్టులు బిగించమన్న టేకు పలక యాడరా?”

“ఉండాదిలేయ్యా. నా సీటుకేం వేస్తారు?”

“నీదానికి మేకులు చాలు.”

“పోయిన పందెంలో అల కొడితే ఆ మేకులే ఊడినాయి. నాకు ముందు నడిపిన హజరత్తయ్య సీటుతో సహా ఎగిరిపడినాడు. నడుం విరిగి ఇంకా మంచంలోనే ఉండాడు.”

“వాడు గట్టిగా పట్టుకోలా.”

“దేన్ని పట్టుకోవాల? ఊడొచ్చిన సీటునా?”

“నోరు లేస్తా ఉండాదే! ఉన్నది ఒక్క పలక.”

“మద్దెకి కోస్తే రెండు సీట్లకీ వస్తాది.”

“నా టేకు కొయ్యనురా. ఇంకోణ్ణి పెట్టుకుంటా.”

“పెట్టుకోండి. హజరత్తయ్యను చూసినోడెవడూ ఈ సీట్లో కూచోడు. పోనీ, పలక మీ సీటుకే వేస్తా. దాంట్లో నేను కూచుంటా. మేకుల సీట్లో కూచోని మీరు నడపండి.”



“సరే, ఏడవబాక. ఆచారిని రంపం తెమ్మను.”

“ఆచారి పొద్దున్నే వచ్చి కోసిపోయినాడయ్యా. బోల్టులు తెప్పియ్యండి, రెండు సీట్లకీ.”