చల్లారని చాప

కురుగోడులో దుర్గక్క ఇల్లు. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. కువైటు రేవులో మూడేళ్ళు పనిచేసి సెలవు మీద వచ్చిన తమ్ముడు సుబ్బరామి చెయ్యి కడుక్కుని వంటింటి గడప దాటబోతున్నాడు. లోపలి గదిలో వాళ్ళమ్మ తిమ్మమ్మ పడుకుని ఉంది.

"ఆ తువ్వాల్లో ఏంది?"

"ఏం లేదక్కా."

"ఏం లేకుంటే ఎందుకట్ల మడిచి పట్టుకున్యావు? ఇటు తే."

"సుమ్నే, ఊరికే ఉండక్కా. తువ్వాలు తువ్వాలే."

"రొట్టె. సగం రొట్టె. ఏంరా సుబ్బరామీ, అక్క ఇంట్లో రొట్టె దొంగతనమా? అడిగితే ఇంకోటి కాల్చియ్యనా నేను?"

"దొంగతనం కాదు, అలవాటు. చెయ్యి దానంతట అదే పోతాది."

"ఏం అలవాటు?"

"పొద్దున పనికి పొయ్యే ముందర నమిలేదానికి... పోనీలే. ఇటియ్యి, తినేస్తా."

"నిన్న నువ్వీడ పండుకొని లేచిన పక్క దులిపితే ముక్కలు రాలినాయి. ఎలకలేమో అనుకున్యా. వచ్చిన దినం నువ్వు ఊరందరి ముందర ఏం చెప్పినావు? రెండు పూటలా మటను, నెత్తిమీద ఫ్యాను, దొర పక్కన కుర్చీ."

"ఊరి పెద్ద వీరభద్రప్ప పదిమందిలో నిలబెట్టి అడిగె. ఇంకేం చెప్పాల?"

"నాకు చెప్పు. ఫ్యాను ఉండాదా, లేదా?"

"ఉండాది. ఆఫీసులో."

"నువ్వు పండుకునే చోట?"

"కిటికీ ఉండాది."

"ఒక్కనివేనా గదిలో?"

"ఒక్కన్నా? ఆరు చాపలు, పన్నెండు మందిమి."

"అదెట్ల?"

"పగటి పనోడు లేచిపోతానే రాత్రి పనోడొచ్చి అదే చాప మీద పడతాడు. చాప చల్లబడేదే లేదక్కా. మనం పండుకునేసరికి ఇంకొకడి వేడి ఉంటాది దాంట్లో. నాది కిటికీ కింద చాప. అన్నిట్లో అదే మేలు. ఇసుక కొట్టినా ఊపిరాడతాది."

"కటిక నేలమీదనా? మోకాళ్ళు పట్టుకోవా?"

"నాకు మోకాళ్ళ నొప్పి యాడిది? అది బావకు కదా."

"ఊరికే అడిగినా. వయసైనోళ్ళు గూడా ఉంటారు కదా ఆడ."

"ఉండాడు ఒక మలబారు ముసలాయన. లేచేటప్పుడు గోడ పట్టుకొని లేస్తాడు. మేం నవ్వుతాం."

"నవ్వుతారా?"

"ఆయనా నవ్వుతాడు. నవ్వకుంటే ఎట్ల పొద్దు పోయేది?"

"కాళ్ళకు కాపడం పెట్టుకునేదానికి వేన్నీళ్ళన్నా దొరుకుతాయా?"

"అక్కా, తాగే నీళ్ళే కొలిచి పోస్తారు. కాపడమంట, కాపడం. ఏంది ఈ పొద్దు ఇట్ల అడుగుతాండావు? వచ్చి ఇన్నాళ్ళయింది, ఒక్క మాట అడగలేదు."

"ఈ పొద్దే కదా రొట్టె దొరికింది. అంత కష్టపడేదానికి జీతమన్నా బాగుంటాదా?"

"తుంగభద్ర డ్యాం మీద వచ్చినదానికంటే ఎక్కువే. ఆడ బతికేదానికి మాత్రం సాలదు. బియ్యం మనమే కొనుక్కోవాల, కిరసనాయిలు మనదే, గదికి బాడుగ మనదే. జొరమొచ్చి పండుకుంటే ఆ దినం కూలి కోత."

"మరి నెల తప్పకుండా ఇంటికి పంపినావు కదప్పా."

"అందుకే సగం రొట్టె."

"ప్రమీలకు తెలుసా ఇదంతా?"

"ఎట్ల చెప్పేది? కప్పగల్లులో వాళ్ళోళ్ళందరికీ మా ఆయన ఆడ పెద్ద మేస్త్రీ అని చెప్పుకొనుండాది. శుక్రవారం ప్రయాణానికి పెట్టె గూడా సర్దేసింది. దాంట్లో ఇస్త్రీ చొక్కాలు పెట్టిందక్కా, ఇస్త్రీ చొక్కాలు. గోనెపట్టా చుట్టుకొని బరువులెత్తే వించి మిషను తిప్పేవానికి."

"దుర్గీ, ఎవరే మాట్లాడేది? అల్లుడొచ్చినాడా?"

"కాదమ్మా, సుబ్బరామి. నువ్వు పండుకో."

"అల్లుడు తిన్యాడా?"

"తినింటాడు లేమ్మా. పండుకో."

"అమ్మకు చెప్పలేదా, బావ నాగార్జునసాగరం పనికి పోయినాడని?"

"చెప్పినా నిలవదు. నువ్వొచ్చినాకనే గంజి దిగుతాంది ఆమెకు. అంతకు ముందు పదినాళ్ళు ఉంటాదో లేదో అన్యారు. నీ పేరు తప్ప నోట్లో ఇంకో మాట లేదు."

"అమ్మ లేచి కూర్చునింది, నాకు అది సాలు. అక్కా, నీతో ఒక మాట చెప్పాల. అందుకే ఈ పొద్దు ప్రమీలను రావద్దని ఒక్కన్నే వచ్చినా."

"చెప్పు."

"నేను తిరిగి పోను."

"తిరిగి పోవా?"

"శుక్రవారం గుంతకల్లు బండి ఎక్కను. ప్రమీలకు నువ్వే నచ్చచెప్పాల. నేను చెప్తే ఏడుస్తాది, నువ్వు చెప్తే వింటాది. ఏమక్కా, పొయ్యి దిక్కు చూస్తాండావు?"

"పాలు పొంగుతాయేమోనని చూస్తాండా."

"పొయ్యి ఆర్పేసినావు కదా."

"ఆర్పినా... అవును. పోకుంటే ఏమైతాది?"

"ఏమైతాది? నా ఒప్పందం చించేస్తారు. చించుకోనీ."

"అది కాదు. ఆడ నీ పని ఎవరు చేస్తారు?"

"నా బద్లీ మనిషి. ఇప్పుడు నా మిషను దగ్గర నిలబడినోడే ఇంక నిలబడతాడు. కంపెనీకి వించి తిరిగి ఓడలో సరుకు దిగితే సాలు. తిప్పేది సుబ్బరామి అయితే ఏంది, ఎంకన్న అయితే ఏంది?"

"వాడు వచ్చేస్తానంటే?"

"వదలరు. అది ఆడి పద్ధతి. బద్లీ వస్తేనే మనకు సెలవు. మనం తిరిగి పోతేనే వానికి విడుదల. మనం పోకుంటే, మన ఒప్పందంలో మిగిలిన రెండేండ్లూ వాడే చెయ్యాల. వాని పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలో ఉంటాది, యాడికి పోతాడు?"

"అయ్యో అనిపించదారా నీకు?"

"అనిపిస్తాది. అట్లని రెండేండ్లు నేను చచ్చేదా? వాడెవడో ఏమో, మొగం గూడా చూడలేదు. అమ్మకు బాగలేదని ఎన్నిసార్లు మొత్తుకున్యా సెలవియ్యలేదు. ఒక దినం పిలిచి, వించి తెలిసినోడు బొంబాయి నుంచి వస్తాండాడు, నువ్వు పో అన్యారు. పేరు అడిగితే నంబరు చెప్పినారు."

"రేవులో అన్నా కనపడలేదా?"

"ఆ రేవుకు ఓడ రాదక్కా. సముద్రంలో నిలబడతాది, పడవల్లో దిగాల. కొత్తోళ్ళ పడవ ఇటు వస్తాంటే మా పడవ అటు పోతాంది. ఆ పడవలో ఒకడు తలకు గుడ్డ చుట్టుకొని మా దిక్కు చెయ్యెత్తినాడు. నేనూ ఎత్తినా. వాడే అయిండొచ్చు, కాకపోవచ్చు. ఎండ కండ్లల్లో కొడతాంటే ఏం కనపడతాది?"

"నిలబడినాడా?"

"ఆ. అందరూ గొంతుక్కూర్చోనుంటే వాడొక్కడే నిలబడినాడు. పడవోడు తిడతాండాడు గూడా, కూర్చోరా అని."

"కూర్చోలేకేమో."

"ఏమో. ఏందక్కా, కండ్లు తుడుచుకుంటాండావు?"

"పొయ్యి పొగ."

"ఆరిపోయిన పొయ్యిలో పొగ యాడిది? నా గురించి ఏడవొద్దు. అంతా అయిపోయింది కదా. నేను ఆలోచన చేసే పెట్టుకున్యా. రేపు పొద్దున బండెక్కి నాగార్జునసాగరం పోతా, బావ దగ్గరికి."

"ఎందుకు?"

"కాళ్ళు పట్టుకునేదానికి. ఆ డ్యాం మీద వించి తిప్పేవాళ్ళు కావాలంట కదా. తుంగభద్ర మీద మాదిరి ఇద్దరం ఒకే మిషను మీద... నాకు లివరు పట్టేది నేర్పిందే ఆయన."

"పోవద్దు."

"కోపం పోలేదా ఇంకా? నేను కువైటు పోయేటప్పుడు బళ్ళారి స్టేషన్లో ఏమన్యాడో తెలుసా? నేను నేర్పిన పనిని పరదేశంలో అమ్ముకునేదానికి పోతాండావు, మళ్ళీ నా గడప తొక్కొద్దు అన్యాడు. నేనొస్తానని తెలిసే ఊరు విడిచి పోయినాడు, నాకు తెలీదా? తిట్టనీ. రెండు దెబ్బలు కొట్టనీ. ఆయన మాట వినుంటే ఈ సగం రొట్టె గతి నాకు పట్టకపోవును. ఆ మాటే ఆయన ముందర చెప్తా."

"పోవద్దంటాండా కదా."

"కొడితే కొడతాడు, చంపుతాడా?"

"ఆయన సాగరంలో లేడు."

"లేడా? మరి ఊరందరికీ సాగరమని ఎందుకు చెప్పినావు?"

"ఆయనే చెప్పమన్యాడు. అమ్మ తలమీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్యాడు. వాని సెలవు అయ్యేదాకా చెప్పొద్దు, తెలిస్తే ఆ పిచ్చోడు తరువాతి ఓడకే వెనక్కి తిరుగుతాడు, నాలుగు దినాలు అమ్మ పక్కన నెమ్మదిగా ఉండనీ అన్యాడు."

"ఏం మాట్లాడుతాండావు నువ్వు? యాడ ఉండాడు బావ?"

"అమ్మ నీ పేరే కలవరిస్తాంటే వినలేకపోయినాడు. బళ్ళారికి పోయి, మనుషుల్ని పంపే ఏజెంటు దగ్గర నిలబడి, మా సుబ్బరామిని ఎట్ల పిలిపించేదయ్యా అని అడిగినాడు."

"ఏజెంటు... ఏజెంటు ఏమన్యాడు?"

"నేను ఇందాకటి నుంచి అడిగిందంతా నీ గురించే అనుకున్యావా? ఆ కిటికీ కింద నీ చాప మీద పండుకొనుండేది మీ బావేనప్పా. నువ్వు పోతేనే ఆయన వచ్చేది."