స్టాపు దాటి నలభై అడుగులు

హలో… ఆ, నేనే. చెప్పు బావా… ఎవరి ఫోనిది? … క్యాంటీనాయనదా. నీ ఫోనేమైంది? … ఓహో, దాంట్లో ఆట ఆడుతున్నావు కదూ. ఏంటా గొంతు, ఏడుస్తున్నావా? … ఒకటి ఓడి ఒకటి గెలిచారా! … ఆగాగు. ఒక్క నిమిషం ఆగు.

ఏమండోయ్ వార్డులో జనాలూ! అందరూ ఇలా రండి. చేతులు విరిగినవాళ్ళు నడిచి రండి, కాళ్ళు విరిగినవాళ్ళు అక్కడే ఉండి చెవులు ఇటు పడేయండి. మూలుగుళ్ళు కాసేపు బంద్. ఓ కాలుకట్టు అన్నా, నిన్నే… ఆ బిస్కెట్ పొట్లం చప్పుడు ఆపు. సిస్టర్, మీరు కూడా నిలబడండి, ఆ సూది ఎక్కడికీ పారిపోదు. నిన్నట్నుంచీ చెబుతున్నానే, మా బస్ డిపోలో యుద్ధమని! అదే. మొదలైపోయింది.

ఆ, బావా… వార్డువాళ్ళులే. అంతా నా మనుషులే. … పక్క బెడ్డు పెద్దాయన మళ్ళీ మొదట్నుంచీ అడుగుతున్నాడు, ఉండు. పెద్దాయనా, మా డిపోలో ఒక స్టోర్ రూముంది. రెండు కిటికీలు, ఒక ఫ్యాను. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య డ్రైవర్లూ కండక్టర్లూ నడుం వాల్చేది అక్కడే. దాని మీద ఆఫీసువాళ్ళ కన్ను పడింది. పాత ఫైళ్ళు పెట్టుకుంటారంట. ఫైళ్ళకి ఫ్యాను కావాలంట! రెండు పక్కల్నుంచీ అర్జీలు చదివి చదివి మా మేనేజర్ సారుకి పిచ్చెక్కి, పోయి ఆన్‌లైన్‌లో ఆ తుపాకుల ఆట ఆడుకోండి, మూడాటల్లో రెండు గెలిచినవాళ్ళదే రూము అన్నారు. ఆటంటే ఆషామాషీ ఆట కాదు. కొత్తవాడు దిగితే కళ్ళు తెరిచేలోపు చస్తాడు. నేనున్నాను కదా అని మావాళ్ళు సరే అన్నారు. నేనేమో, ఇదిగో, చెయ్యి కట్టేసుకుని ఇక్కడున్నాను. ఇంజన్ ఒంటిచేత్తో ఎత్తుతుంటే…

ఏంటి బావా? … ఆ స్టూలు సంగతి ఇప్పుడెందుకు? … సరే, సరే. మెల్లిగా మాట్లాడు, వార్డంతా వింటోంది.

మూడో ఆట ఎప్పుడు? … పది నిమిషాల్లోనా! రెండోది ఎలా గెలిచారు? … ఆఫీసువాళ్ళకి నెట్ పోయిందా. థూ! అది గెలుపా బావా? నెట్ పోయి గెలిస్తే ఆ కప్పు తీసుకెళ్ళి కరెంటు స్తంభానికి కట్టు. మొదటిది ఎలా ఓడారో చెప్పు. దాచకుండా చెప్పు.

జీపు దొరికింది. … మంచిది. … రోడ్డు పక్కన ఎవడో నిలబడ్డాడు. … చెయ్యెత్తాడు. … తరవాత? … బావా, తరవాత? … ఆపావా!

సిస్టర్, విన్నారా? శత్రువు చెయ్యెత్తితే మా బావ బండి ఆపాడు! … అలవాటా? ఇరవై రెండేళ్ళ అలవాటంట! వాడెక్కి నమస్కారం పెట్టాడా, తలలో కాల్చాడా? … తలలోనే కదా. మరి వెనక సీట్లో కండక్టరక్క ఏం చేస్తోంది? … ఎక్కినవాణ్ణి 'లోపలికి జరుగు' అందా? … తుపాకీ పట్టుకున్నవాణ్ణి! దేవుడా! నాకు ఈ రెండో చెయ్యి కూడా విరగ్గొట్టు!

అది సరే గానీ బావా, సరిగ్గా వాడి కాళ్ళ ముందు ఎలా ఆపావు? నీ జన్మలో ఎప్పుడైనా స్టాపులో ఆపావా? … ఓహో, మేనేజర్ సారు నీ భుజం వెనక నిలబడ్డారా! అలా చెప్పు. సారు చూస్తుంటే నీకు రూల్సన్నీ గుర్తొస్తాయి.

మూడోవాడు వాచ్‌మన్ కదా? వాడేం వెలగబెట్టాడు? … ఒక ఇంటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. … ఇంట్లో ఏముంది? … ఏమీ లేదు. మరెందుకు నిలబడ్డాడు? … గుమ్మం ఉంది కాబట్టి నిలబడ్డాడా! శభాష్. మీ ముగ్గుర్నీ కలిపి కుట్టినా ఒక ఆటగాడు రాడు బావా, ఒక దిష్టిబొమ్మ వస్తుంది.

సరే, ఏడుపు ఆపి విను. ముగ్గుర్నీ దగ్గరకి పిలువు. … వచ్చారా? బయట మైదానంలో పరిగెత్తకండి. గోడ చాటు నుంచి గోడ చాటుకి పోవాలి. బయట పరిగెత్తేవాడు తుపాకీ ఎత్తి గురి పెట్టేలోపు అవతలివాడు వాణ్ణి కాల్చి, టీ తాగి కూడా వస్తాడు. అర్థమైందా? … కదలకుండా కూర్చోవడం కూడా రావాలి. నేను ఒకసారి గడ్డిలో దాక్కుని ఎంతసేపు కదల్లేదో తెలుసా? ఇల్లు దులుపుతూ మీ చెల్లెలు కుర్చీతో పాటు నన్ను కూడా దులిపేసి వెళ్ళిపోయింది. నిజం! కావాలంటే ఫోన్ చేసి అడుగు. … వద్దులే, ఇప్పుడు టైం లేదు.

రెండోది, చెవులు. ఈ ఆట కళ్ళతో ఆడేది కాదు. అడుగుల చప్పుడు, తలుపు చప్పుడు, బాంబుకి పిన్ను లాగిన చప్పుడు… ఏంటి? … ఇంజన్ పక్కన కూర్చుని కూర్చుని నీ ఎడమ చెవి పోయిందా. పోనీ కండక్టరక్కని వినమను. చివరి సీటువాడు నోట్లో గొణుక్కున్నా వచ్చి తిట్టే మనిషి.

గుళ్ళయిపోతే? … ఏంటి, అక్కడే నిలబడి నింపుకుంటావా? నీ మొహం! చాటుకి పోయి నింపుకోవాలి. నడిరోడ్డు మీద బట్టలు మార్చుకుంటావా? ఇదీ అంతే. ఇంకోటి. 'అదిగో వాడు, అదిగో వాడు' అని అరవకండి. అదిగో అంటే ఏ దిక్కని చూడాలి? వాటర్ ట్యాంకు పక్కన, ఎర్ర మేడ మీద… అలా చెప్పుకోవాలి. ఆ నీలం గీత కూడా చూసుకోండి. అది చుట్టూరా లోపలికి జరుగుతూ వస్తుంది. గీత బయట మిగిలినవాడు ఎవరూ కాల్చకుండానే చస్తాడు.

… నాకెలా తెలుసా? నేను ఒక్క గుండుతో ముగ్గుర్ని పడగొట్టాను బావా! మొదటివాడి గుండెకి తగిలింది, రెండోవాడి చెవి పక్కనుంచి పోయింది, మూడోవాడు ఆ చప్పుడుకే ఫోన్లోంచి ఆట తీసేసి పోయాడు. ఇప్పుడు పచ్చళ్ళు అమ్ముకుంటున్నాడంట.

నవ్వకు. నవ్వులాట కాదిది. ఆ రూము పోతే ఏమవుతుందో తెలుసా? బస్సు వెనక సీటు మీద ముడుచుకుని పడుకుంటావు, రిటైరయ్యేదాకా, ఇంకా ఎనిమిదేళ్ళు. నీ నడుముకి నూనె రాసి రాసి మా అక్క చేతులు అరిగిపోయాయి. పోయిన నెల మలుపులో నడుం పట్టేసి స్టీరింగ్ మీదకి వాలిపోయావు, గుర్తుందా? నలభై మంది ఉన్నారు బస్సులో. … ఊఁ. అందుకే చెబుతున్నాను. గెలవాలి.

మొదలైందా? … ఫోన్‌కి లౌడ్‌స్పీకర్ పెట్టి టిఫిన్ డబ్బాకి ఆనించు. నువ్వు చూసింది చూసినట్టు చెబుతూ ఉండు. నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యి. నీ సొంత తెలివి మాత్రం దయచేసి వాడకు.

దిగారా? … అవతల ఎవరెవరు? … కళ్ళజోడు గుమాస్తా, టైపిస్టు, ఫైళ్ళాయన. అంతా కుర్చీ బ్యాచ్. సరే. వాచ్‌మన్ ఎక్కడ? … మళ్ళీ గుమ్మమేనా! లాగెయ్ బావా వాణ్ణి అక్కణ్ణుంచి! ఆ గుమ్మంలో వాడికి పెళ్ళి చేస్తామా? … ఏంటి? కాల్చాడా? … టైపిస్టునా! ఎలా? … లోపలికి రాబోయాడా. ఎనిమిది గంటలు రెప్ప వెయ్యకుండా గేటు చూసే కళ్ళు కదా! నేనే చెప్పానుగా అక్కడే ఉండమని! … చెప్పాను. నీకు వినపడకపోతే నేనేం చెయ్యను?

కాలుకట్టు అన్నా, ఒకడు పోయాడు!

… అయ్యో, వాచ్‌మన్‌ పోయాడా? … వెనక కిటికీలోంచి కాల్చారా. అంతేలే, కిటికీ వాడి డ్యూటీ కాదు. సరే, ఇద్దరికి ఇద్దరు. జీపెక్కారా? కండక్టరక్క వెనకా? … వంతెన మీంచి పోనియ్. పోనియ్ బావా! గీత వచ్చేస్తోంది! … ఎందుకు కదలవు? … డబుల్ బెల్లు కొట్టలేదా? జీపుకి బెల్లేంటి! … అక్క నోటితో కొడుతుందా? 'టింగ్ టింగ్' అనేదాకా నువ్వు కదలవా? ఓరి నాయనో, సిస్టర్, ఇందాకటి సూది ఉందా, పొడవండి నన్ను! నేను చెబుతున్నాను పోనియ్! కదులు! అక్క మాట కాదు, నా మాట విను! పోనియ్… పోనియ్… పోనియ్!

… ఏంటా చప్పుడు? … బాంబా? వంతెన మీదా? … అంటే కదిలి ఉంటే మీరు… … పిన్ను లాగిన చప్పుడు అక్కకి వినపడిందా! చూశావా, చెవులు పెట్టమన్నది ఎవరు? నేను! బావా, వింటున్నావా? నేను!

… 'టింగ్ టింగ్'. ఆ, నాకూ వినపడింది. పోతున్నారు. వంతెన దాటారు. ఊఁ… ఊఁ… మలుపు. … ఎవడో రోడ్డు పక్కన నిలబడ్డాడా? చెయ్యెత్తాడా? కళ్ళజోడే! మళ్ళీ అదే మోసం! ఆపకు బావా! తొక్కు! గుద్దెయ్! వాణ్ణి గుద్దేసి పోనియ్! బ్రేకు మీంచి కాలు తియ్యి! ఆ కాలు విరిగి ఇక్కడికొచ్చినా ఫర్వాలేదు, ఎదురు బెడ్డు ఖాళీగానే ఉంది, తియ్యి!

… ఆపేశాడు.

ఆపేశాడండీ. అయిపోయింది. రూము పోయింది, ఫ్యాను పోయింది, మా అక్క చేతులు పోయాయి. ఇరవై రెండేళ్ళ సర్వీసు కాదు, ఇరవై రెండేళ్ళ…

… ఏమంటున్నావు? స్టాపు దాటి ఆపావా? నలభై అడుగులు ముందుకెళ్ళి ఆపావా? … సారు టీకి వెళ్ళారంటావా! హమ్మ బావా! … వాడు పరిగెత్తుకొస్తున్నాడా? జీపు వెనకా? తుపాకీ భుజానేసుకునా? … వస్తాడు బావా, రాక ఎక్కడికి పోతాడు, రోజూ పొద్దున్నే నీ బస్సు వెనక అలాగేగా పరిగెడతాడు! కాళ్ళకి అలవాటైపోయింది! బయటికొచ్చాడు, మైదానంలోకొచ్చాడు! అక్కా! అక్కా, కాల్చు!

… కాల్చేసింది! … ఏమందంట? … 'వెనక బస్సు ఖాళీగా వస్తోంది, దాంట్లో రా' అందంట సిస్టర్!

ఇంకొక్కడు. ఫైళ్ళాయన. … కనపడట్లేదా. గీత వచ్చేసింది, మీరు లోపలున్నారు. … గడ్డిలో ఉన్నాడా? గీత బయటా? కూర్చునే ఉన్నాడా? … లేవడు బావా. వాడు లేవడు. కింద కుర్చీ తగలబడుతున్నా లేవడు, రేపు రండి అంటాడు. … కదల్లేదా… కదల్లేదా… పోయాడా! గెలిచాం! వార్డూ, గెలిచాం! చప్పట్లు కొట్టండి! రెండు చేతులున్నవాళ్ళు ఒంటిచేతివాళ్ళకి సాయం చెయ్యండి!

ఆ, బావా. ఇప్పుడు చెప్పు. నేను లేకపోతే ఏమైపోయేవాళ్ళు మీరు? నేను పోనియ్ అన్నప్పుడు… … ఏంటి? … ఎప్పట్నుంచి? … బెల్లు దగ్గర్నుంచా? ఈ ఫోన్ సౌండు మొత్తం తీసేశారా? ఎవరు? … అక్కా! … 'బస్సెక్కని పాసింజరు గోల' అందా నన్ను? … అంటే తరవాత నేనన్నది ఒక్క ముక్క కూడా వినలేదా? ఆపకు అన్నది? కాల్చు అన్నది? … మరి నువ్వెందుకు నాకు అన్నీ చెబుతూ కూర్చున్నావు? … పాపం ఆస్పత్రిలో ఉన్నాడు కదా అనా!

… ఏం లేదండీ, ఏం లేదు! అంతా నా పుణ్యమే అంటున్నారు! ఏడుస్తున్నారు పాపం!

బావా, నువ్వు మాత్రం ఇది ఎక్కడా అనకు. వార్డులో నాకొక పరువుంది. … రూములో చాపలు అప్పుడే వేసేశారా? … కిటికీ పక్కన చోటు నీకిచ్చారా. … ఊఁ. పడుకో బావా. నిటారుగా కాళ్ళు చాపి పడుకో. … ఎలా ఉంది? … ఊఁ.

మరి నా చోటెక్కడ? … గుమ్మం దగ్గరా! ఇంత నేర్పితే నాకు… హలో? … గురకా? బావా, అది గురకేనా? హలో… ఎవరు, అక్కా? … లేపొద్దా? అక్కా, ఒక్క మాట, నేను… హలో? హలో?

పెట్టేసింది.

ఏంటి పెద్దాయనా? … ఆ, చచ్చింది ముగ్గురు. టైపిస్టు, కళ్ళజోడు, ఫైళ్ళాయన. అయితే? … ఏంటీ? చచ్చిన ముగ్గుర్నీ మన వార్డుకి మాత్రం తేవద్దని ఫోన్ చేసి చెప్పమంటావా, ఇక్కడ ఉన్నది ఒకటే బాత్రూమనా!