చెయ్యి పట్టి లాక్కొచ్చిందెవరు?

రమ్మని ఉత్తరాలు రాసి పిలిచిన ప్రవక్త మనవణ్ణి కర్బలాలో ఖలీఫా సైన్యానికి వదిలేసి నాలుగేళ్లయింది. కూఫా ఊరివాళ్లు ఇప్పుడు ప్రాయశ్చిత్తంగా యుద్ధానికి బయల్దేరుతున్నారు. ఫురాత్ నది ఒడ్డున బావా బావమరుదులిద్దరు, తలలు నెరిసినవాళ్లు, కత్తుల తుప్పు గీకుతున్నారు.

"చంపించిన ఖలీఫా, పోయిన ఆయనా ఒకే మూలపురుషుడి సంతతి. ఆ దాయాదుల గొడవలో మనం దూరకుండా ఉండాల్సింది బావా."

"ఎక్కడ దూరాంరా? ఉత్తరం రాసి తలుపేసుకున్నాం."

"నేనేం తలుపేసుకోలేదు! ముందుగా వచ్చిన ఆయన దూత వెంట ఖలీఫా అధికారి కోట ముందు నిలబడ్డాను. మా అమ్మే వచ్చి చెయ్యి పట్టి లాక్కొచ్చింది."

"మీ అమ్మను అంతకు ముందేడే మనిద్దరం ఖననం చేశాం కదరా! లాక్కొచ్చిందెవరు?"

"ఎవరూ రాలేదు. అందరికీ అమ్మలొస్తున్నారు, పెళ్లాలొస్తున్నారు. కాసేపు చూసి, నా అంతట నేనే వచ్చేశాను."

"నువ్వే నయం. నన్ను లాక్కురావడానికి మీ అక్క ఆ గుంపంతా వెతికింది. అప్పటికే నేను ఇంట్లో ఖర్జూరం బుట్టల వెనక ఉన్నాను."

"రేపు నా చెయ్యి పట్టుకో బావా."

"ఇంటికి లాక్కుపోవడానికా?"

"పోకుండా."

"పట్టుకుంటాను. కానీ నన్ను నమ్మకు, నువ్వూ గట్టిగా పట్టుకో."