నేను కొట్టిన రెండు హారన్లు

అధ్యక్షస్థానంలో ఉన్న పెద్దాఫీసరు గారికి, వేదిక మీది పెద్దలకి, డ్యూటీ బట్టలతోనే పరుగున వచ్చి కూర్చున్న మా చెత్తబండి వాళ్ళందరికీ నమస్కారం. ముందు వరసలోంచి మా ఆవిడ ‘రెండు ముక్కలు మాట్లాడి దిగు’ అని సైగ చేస్తోంది. (నవ్వులు) ముప్పై ఒక్క ఏళ్ళు తన మాటే విన్నాను, రిటైరయ్యే ఈ పూటకి వినను.

ఇందాక సార్ నన్ను ‘ఒక్క ప్రమాదం కూడా చెయ్యని డ్రైవరు’ అన్నారు, మీరు చప్పట్లు కొట్టారు. నా బండి ఎవరినీ గుద్దలేదు, నిజమే. కానీ మూడో వరసలో చేతికర్ర పట్టుకుని కూర్చున్న, నా బండికి డబ్బాలెత్తే మా చెల్లెమ్మ కాలు విరగడంలో నా తప్పు ఉంది.

మా పని తెలియనివాళ్ళకి చెప్తాను. బండి రోడ్డుకి ఒక పక్కన ఆగుతుంది, డబ్బాలు మాత్రం రెండు పక్కలా ఒకే విడతలో ఎత్తాలి. బండి ముందు నుంచి రోడ్డు దాటే మనిషికి వెనక వచ్చేది కనబడదు. నేను అద్దంలో చూసి రెండుసార్లు హారన్ కొడితే ‘ఖాళీ, దాటు’ అని గుర్తు. ఆ రోజు రూటు ఇంకా అవలేదా అని సూపర్వైజరు ఫోన్లో ప్రాణం తీస్తుంటే, అద్దం చూడకుండానే అలవాటు కొద్దీ నొక్కేశాను. నన్ను నమ్మి అడుగేసింది. కారు గుద్దేసింది.

(మూడో వరసలో చేతికర్ర చప్పుడు)

కూర్చోమ్మా, లేవకు. ‘పోన్లే అన్నయ్యా’ అంటావని తెలుసు. పోనివ్వను.

నిన్న ఆఫీసులో నా ముందు ఒక కాగితం పెట్టారు. ‘ఆమే చూసుకోకుండా దాటింది’ అని. దాని మీద నా సంతకం పడితే ఆమెను పనిలోంచి తీసేస్తారు. ‘రేపు వెళ్ళిపోయేవాడివి, నీకెందుకయ్యా గొడవ’ అన్నారు. వెళ్ళిపోయేవాణ్ణి కాబట్టే సార్! ఇక నన్నేం చేస్తారు, ఇంటికి పంపిస్తారా? (నవ్వులు, చప్పట్లు)

ఆ సంతకం పెట్టను. పొద్దున నా చేత్తో వేరే కాగితం రాశాను. హారన్ కొట్టింది నేను, అద్దం చూడనిది నేను, రెండు పక్కలా ఒకేసారి ఎత్తమన్నది ఆఫీసు. వెళ్ళేటప్పుడు ఒక పక్క, తిరిగొచ్చేటప్పుడు ఇంకో పక్క ఎత్తితే ఎవరూ రోడ్డు దాటక్కర్లేదని కూడా రాశాను. గంట ఆలస్యమవుతుంది, అవనివ్వండి. చెత్త ఎక్కడికీ పారిపోదు.

ఇన్నేళ్ళు నన్ను భరించిన మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. సార్, ఇదిగో కాగితం. అందుకున్నట్టు మీరు ఇక్కడే, వీళ్ళందరి ముందే సంతకం పెట్టండి. పెన్ను కూడా తెచ్చాను. మీరు పెట్టాకే నాకు సెలవు.