తెలుగే గదా సార్

"తెలుగే గదా సార్. అచ్చరాలు కూడవెట్టుకొని చదువుతున్న. ఏం రాసిండ్రో సమజైతలే."

బడి విడిచాక సిద్దిరాములు సారు ఇంటి వరండాలో ఇద్దరు ఆడవాళ్లు కూర్చున్నారు: సాంచాల కార్ఖానాలో, అంటే మరమగ్గాల దగ్గర, కండెలు చుట్టే కోమల, ఆమె అత్త లింగవ్వ. నాలుగేళ్లు నిండినా కోమల కొడుకు అరుణ్‌కు మాట రాలేదు. కరీంనగర్ డాక్టర్ 'ఆటిజం' అని ఒక్క మాట చెప్పి, మిగతాది నెట్‌లో చూసుకొమ్మన్నాడు. మస్కట్‌లో ఉన్న భర్త దాని గురించి ఒక తెలుగు పేజీ ఫోన్‌కు పంపాడు. తెల్లారితే పిల్లవాణ్ని ఇచ్చోడ దిక్కున దయ్యం విడిపించే ముసలాయన దగ్గరికి తీసుకుపోవడానికి లింగవ్వ బండి మాట్లాడింది. అడ్డం చెప్పడానికి కోమల చేతిలో ఉన్నది ఆ పేజీ ఒక్కటే.

"ఏదీ, చదువమ్మా."

"'నాడీ వికాస సంబంధిత వైవిధ్యము. సామాజిక పరస్పర సంభాషణా... ప్రక్రియలందు నిరంతర న్యూనతలు...'"

"సాలు తియ్యి కోమలా. పెండ్లిల అయ్యగారు సదివేదే ఇంతకంటె నయం."

"జర ఆగు అత్తమ్మా. ఫోన్‌నే చదువుమంటే గడగడ చదివింది సార్. అత్తమ్మ మంత్రమనుకొని దండం వెట్టింది."

"పెట్టిన. తప్పా? దేవుని మాటలోలె ఇనవడ్డది."

"న్యూనత అంటే ఏంది సార్?"

"తక్కువ ఉండుడు."

"దేంట్ల తక్కువ?"

"ఫోన్ ఇటియ్యి."

"ఏమైంది సార్?"

"నేను గూడ మళ్లొక్కసారి చదవాలె. పిల్లలకు తెలుగు చెప్పేటోన్ని, నాకే తొవ్వ దొరుకుతలేదు."

"సార్‌కే సమజ్ గాకపోతే, నా కొడుక్కు ఎట్ల సమజైందో పంపిండు."

"ఆయన చదవనేలేదు అత్తమ్మా. పైన తెలుగు కనవడ్డదని పంపిండట."

"ఇనుండ్రి. మన మాటల చెప్త. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. చెవులు మంచిగనే ఉంటయి."

"అవ్ సార్. బిస్కెట్ పుడ సప్పుడైతే మాత్రం ఉరికొస్తడు."

"కావల్సింది వేలువెట్టి చూపెట్టడు. మన చెయ్యి పట్టుకొని గుంజుకపోతడు."

"నా కొడుకే సార్. అచ్చం నా కొడుకే. గిట్ల రాస్తే ఏంబోతుండె వాళ్లకు?"

"తల్లులు చదువుతరని వాళ్లకు యాదికి లేదమ్మా."

"నాలుగు మాటలు సమజైతే అత్తమ్మకు చెప్పుకుందామని, రాత్రి ఎన్నిసార్లు చదివిన్నో. చదివినకొద్ది నా బుర్రల్నే ఏదో తక్కువున్నదనిపించింది."

"దయ్యం ముచ్చట లేదా సార్ అండ్ల?"

"లేదు లింగవ్వా. పుట్టుకతోనే మెదడు తీరు వేరుంటదట. ఎవ్వల తప్పు గాదు. ఎంత తొందరగ నేర్పిస్తే అంత మంచిదట."

"తొందరగనా?"

"అవ్. ఇంకొకటి ఉన్నది. కొందరికి సప్పుళ్లు..."

"ఓర్వరు. సాంచాలు మొదలైతే చెవులు మూసుకొని ఒర్లుతరు. గోడకు తల కొట్టుకుంటరు. బంద్ జేస్తే రాట్నం తిప్పుకుంట కూసుంటరు, అన్నం గూడ అడుగరు."

"నేనింకా చదువనేలేదు గదా అవ్వా."

"మన అరుణ్ సాంచాల సప్పుడుకు ఏమనడు గదా అత్తమ్మా. ఆడనే నిద్రపోతడు."

"నేను చెప్పేది వీని ముచ్చట గాదు."

"మరెవ్వలది?"

"నా చిన్నోడు. వెంకటి."

"మరిది జెరమొచ్చి పోయిండన్నరు?"

"నలుగురికి గట్లనే చెప్పినం. దయ్యం పోతదని మిరపకాయల పొగల కూసోవెట్టిండు. వానికి ఊపిరి ఆడలే."

"ఎవ్వలు అత్తమ్మా?"

"ఇచ్చోడ ముసలాయననే."

"లింగవ్వా, నీళ్లు తాగు."

"వద్దు సార్."

"తెలిసి తెలిసి మళ్ల ఆడికే, నా కొడుకును ఎట్ల తోలుకపోదామన్నవ్?"

"బండి వద్దని చెప్పు బిడ్డా. 'ఆలస్యంగ తెచ్చినవ్, జల్ది తెస్తే బతుకుతుండె' అన్నడు అప్పుడు గాయన, నమ్మిన. వీన్నన్న జల్ది తోలుకపోదామనుకున్న."