ప్రపంచాన్ని కాటా వేసిన రోజు

అది రెండు వేల ఆరో సంవత్సరం, ఎండాకాలం. రోడ్డు మీద తారు కరిగి చెప్పులకి అంటుకునే ఎండలు. ఆ సంగతి మొన్న టీకొట్టు బెంచీ మీద కూర్చుని చెప్పాను. ఎలా చెప్పానో అలాగే రాస్తున్నాను, మధ్యలో ఎవరెవరు అడ్డం వచ్చారో దాంతో సహా.

ఒరేయ్ కండక్టరూ, నువ్వు ఈ రూటుకి కొత్త కాబట్టి నీకోసం మొదట్నించీ చెప్తున్నా. మిగతావాళ్ళు ఓపిక పట్టండి. నేను తక్కెళ్ళు బాగుచేసేవాణ్ణి. ఈ బజారులో ఏ కొట్టు కాటా అయినా నా చేతి కింద నుంచి పోవలసిందే. అందుకే నన్ను తక్కెడ మామ అంటారు. మా మామగారు నాకు పిల్లనిచ్చి, పనీ ఇచ్చాడు. ఇంకో పని నాకు రాదు, నేర్చుకోమన్నా నేర్చుకోను. అయితే అప్పటికి అంకెలు వెలిగే కరెంటు కాటాలు వచ్చేశాయి. నా లైసెన్సు గడువు తీరిపోతోంది. తూనికల ఇన్‌స్పెక్టరు నన్ను పిలిచి, "పెద్దాయనా, కొత్త కాటాల పని ఎక్కడైనా నేర్చుకున్నట్టు ఒక కాగితం తెచ్చి చూపించు, లైసెన్సు ఇస్తాను. లేకపోతే ఈసారి ఇవ్వను" అన్నాడు. లైసెన్సు లేకుండా కాటా విప్పితే నేరం. అంటే ఆ కాగితం దొరక్కపోతే నా పనిముట్ల సంచి అటక ఎక్కాల్సిందే.

సరే, ఆ కాగితం కోసం ఊరంతా తిరుగుతుంటే యూనివర్సిటీ గేటు మీద బ్యానరు కనపడింది. నేను మీసాలు నెరిశాక రాత్రిబడిలో అక్షరాలు దిద్దినవాణ్ణి. బోర్డు కనపడితే వదలను, చివరిదాకా చదివి తీరతా. ఆ బ్యానరు గాలికి సగం మడత పడిపోయింది. కనపడినంత మేర కూడబలుక్కుంటే 'వెరిఫికేషన్ వర్క్‌షాపు' అని ఉంది. ఇంకేం కావాలి? కాటాకి ఏటేటా ముద్ర కొట్టించడాన్ని మా పనిలో వెరిఫికేషన్ అంటారు. వర్క్‌షాపు అంటే రెంచీలూ పానాలూ ఉండే షెడ్డు. నన్ను వెతుక్కుంటూ వచ్చి కట్టినట్టుంది ఆ బ్యానరు!

"అది అణుబాంబుల మీటింగు కదా బాబాయ్?" అంది టీకొట్టు అమ్మాయి, పాలు పొంగకుండా ఊదుతూ.

మడతలో ఉన్నది అదేనమ్మా. మడతలో ఉన్నదాన్ని నేనెలా చదువుతాను? గేటు దగ్గర కాపలా మా బామ్మర్ది. ఇదిగో, వీడే, గ్లాసులో ముఖం పెట్టుకుని కూర్చున్నాడే, వీడే. "ఎక్కడికి బావా సంచితో?" అన్నాడు. "వెరిఫికేషన్‌కి" అన్నా. నా నడకలో ఠీవి చూసి గేటు బార్లా తీశాడు.

"లోపల బల్లలు సర్దడానికి మనుషుల్ని పిలిచారు, నీకూ కూలి దొరికిందనుకున్నా" అన్నాడు బామ్మర్ది.

చూశారా, నన్ను చూస్తే వీడికి బల్లలు గుర్తొచ్చాయి! పోనీలే, చెల్లెళ్ళూ తమ్ముళ్ళూ ఉన్న ఇంటి పిల్లని చేసుకున్నాక ఇవన్నీ పడాలి. లోపలికి వెళ్ళా. బయట తారు కరుగుతుంటే అక్కడ ఏసీకి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. బల్లలు గుండ్రంగా వేసి తెల్లగుడ్డలు పరిచారు. మనిషికో నీళ్ళ సీసా, మనిషికో పేరు చీటీ, ఎవరి భాషలో వాళ్ళకి తిప్పి చెప్పేందుకు చెవులకి తగిలించుకునే యంత్రం. ఏ దేశం మనిషి కావాలంటే ఆ దేశం మనిషి ఉన్నాడు. ఒక్క రెంచీ లేదు, ఒక్క పానా లేదు. ఇదేం షెడ్డురా నాయనా అనుకున్నా.

"అప్పుడే లేచి వచ్చేయాల్సింది మామా" అన్నాడు కండక్టరు.

నేను కూర్చున్నాక లేచే మనిషినా? కావాలంటే మా ఆవిడని అడుగు.

"పిన్నిని ఎందుకు, ఈ బెంచీని అడిగితే చాలదూ" అంది టీకొట్టు అమ్మాయి.

ఖాళీ కుర్చీ ఒకటి కనపడింది, కూర్చున్నా. ముందు పేరు చీటీ ఉంది, ఎవరో రాని పెద్దమనిషిది, కింద దేశం పేరు. ఆ రోజల్లా ఆ దేశం నేనే.

"ఏ దేశం మామా?"

చెప్పకూడదు. అవి దేశాల మధ్య వ్యవహారాలు. చెవులకి యంత్రం తగిలించుకుని విన్నా. తెల్లజుట్టు ప్రొఫెసరమ్మ ఒకావిడ చెప్తోంది. ఏ దేశమూ దొంగచాటుగా బాంబు చేసుకోకుండా కనిపెట్టడం ఎలా అన్నది వాళ్ళ పరిశోధన. వచ్చిన సరుకెంత, వాడిందెంత, మిగిలిందెంత. మూడూ కలవకపోతే మధ్యలో ఎవడో నొక్కేశాడన్నమాట. ఓస్, ఇంతేనా! ఇది కిరాణా కొట్టు వ్యవహారం. నాకు ధైర్యం వచ్చింది. తల పంకించడం మొదలుపెట్టా. నేను తల పంకిస్తే పక్క దేశం కూడా పంకించింది.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? కిటికీ పక్కన బల్ల మీద గుడ్డ తీశారు. దాని కింద ఇత్తడి తక్కెడ! పాతకాలంది, రెండు పళ్ళేలది. నాకు ప్రాణం లేచొచ్చింది. పక్కన బూడిదరంగు ఇనప బిళ్ళలు పేర్చారు. వాటినే యురేనియం అనుకుని తూచాలట. నేను తక్కెడ వంక చూశా. ముల్లు నిటారుగా ఉంది. అందరికీ అలాగే కనపడుతుంది. కానీ ఆ నిలబడటంలో నాకు నక్క వినయం కనపడింది. టీ కోసం అందరూ వరండాలోకి వెళ్ళారు. నేను మెల్లగా లేచి, పళ్ళెం కింద వేలు పోనిచ్చా.

మైనం!

పళ్ళెం అడుగున మైనం ముద్ద, దాని లోపల సీసపు గుండు. అది బయటపడకుండా ముల్లుని రవ్వంత వంచారు. మన సంతలో చేసే మోసమే, వీళ్ళు సూటు వేసుకుని చేశారు. ప్రపంచంలో ఇన్ని దేశాలు కూర్చున్న గదిలో దొంగ తక్కెడా! నాకు ఒళ్ళు మండిపోయింది. మైనం గోరుతో గీకి చెత్తబుట్టలో పడేశా. ముల్లు వంపు తీయాలంటే దాని పెట్టె మూత తెరవాలి. మూతకి తీగ చుట్టి సీలు వేశారు. సంచిలోంచి కటింగ్ ప్లయరు తీసి టక్కున తెంపేశా.

"సీలు తెంపేశావా?" అన్నాడు కండక్టరు.

మరి, ప్లయరు ఉండగా పంటితో కొరకమంటావా?

బామ్మర్ది దగ్గాడు. టీ పొలమారి ఉంటుంది.

టీ తాగి అందరూ లోపలికి వచ్చారు, తూచారు, ముఖముఖాలు చూసుకున్నారు. "ఈ తక్కెడ ఎవరు ముట్టుకున్నారు?" అంది ప్రొఫెసరమ్మ. నేను లేచి నిలబడ్డా. చప్పట్లు! ఆ చప్పట్లకి కిటికీ అద్దాలు గల్లుగల్లుమన్నాయి. "మీరు తక్కెడ కూడా లేకుండా తూచగలరా?" అన్నారు. కళ్ళకి గంతలు కట్టమన్నా. బిళ్ళ అరచేతిలో పెట్టగానే బరువు చెప్పేశా, ఇంకా పైన ఒక మాట చెప్పా. "ఈ బిళ్ళని ఎవరో జేబులో వేసుకుని మళ్ళీ తెచ్చి పెట్టారు. దీనికి చెమట బరువుంది" అన్నా. అంతే, మూలన కూర్చున్నాయన బల్ల మీద తలపెట్టి భోరుమన్నాడు. నేనే తీశానన్నాడు. వాళ్ళావిడ ఫోటో మీద ఒట్టేసి ఇంకెప్పుడూ తీయనన్నాడు.

"చెమటకి బరువేంటి మామా!"

నీ టిక్కెట్ల సంచి పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎత్తి చూడు, తెలుస్తుంది. అడ్డం రాకు. తర్వాత తెర మీద ఫోటో వేశారు, ఆకాశంలోంచి తీసిన ఫోటో. ఏదో కొండ. లోపల బాంబు పని జరుగుతోందని కొందరు, లేదని కొందరు, గంటలకొద్దీ వాదించుకుంటున్నారు. ఆ ఫోటో కాగితం మీద ఉంటే ఇలా ఇవ్వండి, ఏడాది కిందటిది కూడా అన్నా. ఏడాది కిందటి ఫోటో ఒక పళ్ళెంలో, ఇప్పటిది ఇంకో పళ్ళెంలో. కొత్తది పైకి లేచింది! "కొండ తేలికైంది. లోపల తవ్వేశారు" అన్నా.

"కాగితం బరువు కదా బాబాయ్ అది?"

కొండ ఉన్న కాగితం అమ్మా! కొండ లేని చోట కత్తిరించి తూస్తే రెండూ సమానంగా ఉన్నాయి. దానికేమంటావు? ఇంకేం అంటావు, చక్కెర వెయ్యి. ఈలోగా రెండు దేశాలవాళ్ళు చొక్కాలు పట్టుకున్నారు. నువ్వు దాచావంటే నువ్వు దాచావని. యుద్ధం వచ్చేస్తుందని ఆడవాళ్ళు సంచులు సర్దుకుంటున్నారు. నేను ఇద్దర్నీ రెక్క పట్టుకుని తీసుకొచ్చి ఆ పళ్ళెంలో ఒకణ్ణీ ఈ పళ్ళెంలో ఒకణ్ణీ కూర్చోబెట్టా.

"అంత పళ్ళేలా?"

కాళ్ళు ముడుచుకుని కూర్చున్నారులే. "ఇప్పుడు మాట్లాడండి" అన్నా. అబద్ధం చెప్పినప్పుడల్లా పళ్ళెం కిందికి దిగుతోంది. అబద్ధం బరువైందిరా కండక్టరూ, మోసేవాడికి తెలుస్తుంది. సాయంత్రం అయ్యేసరికి ఇద్దరూ నిజాలు చెప్పి చెప్పి దూదిపింజల్లా పైకి తేలారు, ఫ్యాను తగులుతుందని నేనే కాళ్ళు పట్టుకుని దించా.

అప్పుడు ప్రొఫెసరమ్మ చేతులు జోడించి, "అయ్యా, ఒక్కొక్క దేశం ఎప్పటికవుతుంది, మొత్తం భూమ్మీద ఎన్ని బాంబులున్నాయో ఒక్కసారే తూచలేరా?" అంది. ఎందుకు తూచలేను? తక్కెడ తిరగేసి నేల మీద బోర్లించా. ఇప్పుడు ఆలోచించండి. తక్కెడ బోర్లిస్తే పళ్ళెంలో ఉన్నది ఏమిటి? భూమి! మొత్తం భూమి! ముల్లు ఒక్కసారి ఊగి, ఎటు ఎక్కువ దాచారో అటు తిరిగింది. నేను దిక్కు చెప్తుంటే వాళ్ళు ఫోన్లు చేస్తున్నారు. అటుపక్క రాజులూ మంత్రులూ, "తక్కెడ మామ వచ్చాడా? అయితే ఇంక దాచి లాభం లేదు" అని బయట పెట్టేస్తున్నారు. ఆ బాంబులన్నీ కరిగించి, తూనికరాళ్ళు పోశారు. ఈ అమ్మాయి కొట్లో చక్కెర తూచే రాయి ఏమిటనుకున్నారు? ఒకప్పుడు అది...

"అది నేను సంతలో కొన్నాను బాబాయ్."

సంతకి ఎక్కడ్నుంచి వచ్చిందో అడిగావా? లేదు కదా!

అందరూ నవ్వుతున్నారు. నాకు కడుపు నిండినట్టయింది. అప్పుడు మా బామ్మర్ది గ్లాసు కింద పెట్టాడు.

"బావా, ఒక్క మాట. ఆ మైనం ఎవరంటించారు?"

"దొంగవెధవ ఎవడో" అన్నాను.

"ఆ ప్రొఫెసరమ్మే అంటించింది. తక్కెడలో మోసం ఉంది, వచ్చినవాళ్ళు దాన్ని పట్టుకోవాలి. వాళ్ళకి పెట్టిన పరీక్ష అదే. నువ్వు ఆ మోసాన్ని గోరుతో గీకి చెత్తబుట్టలో పడేశావు."

కండక్టరు నోట్లో టీ నా చొక్కా మీద పడింది.

"ఆ సాయంత్రం దాకా అన్ని దేశాలవాళ్ళూ లేని దొంగతనం వెతికారు" అన్నాడు బామ్మర్ది, ఇంక ఆగకుండా. "మీరు సరిగ్గా తూచలేదంటే మీరు సరిగ్గా తూచలేదని అరుచుకున్నారు. చివరికి ఎవరో సీలు తెగి ఉండటం చూసి, నన్ను పిలిచి, గేట్లోంచి ఎవర్ని పంపావని అడిగారు. మా బావని అన్నాను. ఏం చేయను, నువ్వు అప్పటికి ఆ దేశం కుర్చీలో కూర్చుని బిస్కెట్లు తింటున్నావు."

"మరి చప్పట్లు?" అంది టీకొట్టు అమ్మాయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"బల్లలు చరిచారమ్మా. కోపంతో."

బెంచీ అంతా ఊగింది నవ్వులకి. నవ్వనీండి. నేను వాళ్ళు తేరుకునేదాకా ఆగి, అప్పుడు చెప్పాను.

"ఒరేయ్, ఎవరంటిస్తే నాకేంట్రా? పరీక్ష కోసం అంటించినా మైనం మైనమే, పాఠం కోసం వంచినా ముల్లు వంకరే. తప్పు తూకం కళ్ళెదురుగా పెట్టుకుని వరండాలో టీ తాగే చేతులు కావివి. ఆ గదిలో అంతమంది ఉన్నారు, పళ్ళెం కింద వేలు పెట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. రేపు మళ్ళీ కనపడినా గీకుతా. ఆ ప్రొఫెసరమ్మ నా ఎదురుగా నిలబడినా గీకుతా."

"గీకుదువుగానిలే మామా" అన్నాడు కండక్టరు, కళ్ళు తుడుచుకుంటూ. "ఇంతకీ ఇన్‌స్పెక్టరు అడిగిన కాగితం ఇచ్చారా వాళ్ళు?"

ఇచ్చారు. నాకు కాదు, సీలు తెంపానని రాసి తిన్నగా ఇన్‌స్పెక్టరుకే పంపారు. లైసెన్సు ఉన్నవాడు అనుమతి లేకుండా సీలు తెంపకూడదు. ఆ తెంపింది తూనికల శాఖ సీలు కాదు, బడి పాఠం సీలు అని నేను చాలా వాదించాను. సీలు ఎవరిదైనా సీలే అన్నాడు ఇన్‌స్పెక్టరు.

వానలు మొదలవక ముందే నా లైసెన్సు రద్దు చేశారు. మళ్ళీ ఇవ్వలేదు.