నల్లకోటు పెండ్లికొడుకు

ఏందే బిడ్డా, తేనెటీగ కుట్టిందా? వేళ్లతోని గిచ్చి గుంజకు. గిచ్చితే ముల్లు కాడున్న విషమంత లోపలికే పోతది. గోరుతోని పక్కకు గీకెయ్యి. ఆ, గట్ల. ఇగ కుండల నీళ్లతోని తడిగుడ్డ పెట్టుకో. సున్నం గిన్నం ఏమొద్దు. ఒక్కటి కుడితేనే గింత ఏడుపా? మా పెండ్లినాడు మీ తాత దయానందాన్ని లక్ష కుట్టినయ్. సరే, లక్ష కాకుంటే తొంబై వేలు. నవ్వకు, నువ్వేమన్న లెక్కపెట్టినవా?

అరవైతొమ్మిదిల తెలంగాణ కొట్లాట. బస్సులు బంద్, బడులు బంద్. మీ తాతది మోకిల, నాది ముడిమ్యాల. వాళ్లు ఎడ్లబండ్ల మీద బయల్దేరిన్రు. ఆయన ఒంటి మీద పట్నంల ఎవర్నో బతిమిలాడి తెచ్చుకున్న నల్లకోటు, ఎలుగుబంటి తోలు లెక్క. దాని మీద బుడ్డి అత్తరు ఒలకపోసుకున్నడు. ఆయన మేనత్త బీరమ్మ చెప్పనే చెప్పిందట, 'ఒరే, మామిడితోటల పొంటి పోవాలె. నల్లబట్ట, అత్తరు వాసన తేనెటీగలకు పడదు. చర్చి కాడ తొడుక్కో' అని. వింటడా? 'అత్తా, తొవ్వ పొడుగున జనం చూస్తరే' అన్నడట. ఎండకు చెమట కాలువలు పారుతున్నా కోటు మాత్రం ఇప్పలే.

తోట కాడ బంద్ పిలగాండ్లు రోడ్డుకడ్డంగ మామిడికొమ్మ నరికి పడేసి ఎటో ఉరికిన్రు. 'పోలీసులకు భయపడ్డరు గావచ్చు' అనుకున్నరట వీళ్లు. ఎందుకు ఉరికిన్రో కొమ్మ కదిలిచ్చినంక తెలిసింది. ఆ కదిలిచ్చినోడు ఎవరంటవ్? మీ తాతనే. 'మీరు కూసోన్రి, నేను తీస్త' అని కోటుతోనే దుంకిండు. ఆకుల సందున బండిచక్రమంత తేనెపట్టు. ఇగ లేచినయ్ చూడు. అందరు గొంగళ్లు కప్పుకున్నరు. బీరమ్మత్త 'చేతులు ఆడియ్యకురా, ముఖం కప్పుకొని దూరం ఉరుకు' అని మొత్తుకున్నదట. ఈయన చేతులు తిప్పుకుంట తోటంత చక్కర్లు కొట్టిండు.

తర్వాత బండిల ఆమె గాజు అంచుతోని ముండ్లు గీకుకుంట కూసున్నది. 'దమ్ము ఆడుతున్నదా? ఆయాసమొస్తే పెండ్లి లేదు గిండ్లి లేదు, బండి చేవెళ్ల దవాఖానకే' అని గడియకోసారి అడిగిందట. దమ్ము బాగనే ఉన్నది, ముఖమే లేదు.

చర్చిలకు వచ్చిండు బిడ్డా, గుమ్మడికాయకు కోటు తొడిగినట్టు. కండ్లు రెండు గీతలు. మా మేనమామ చిన్నయ్య లేచిండు. 'ఈయన మేం మాట్లాడుకున్న పిలగాడు కాదు. ఎవర్నో తెచ్చి మా పిల్ల మెడకు కడుతున్నరు' అన్నడు. మా చర్చి అయ్యగారేమో పట్నంల కర్ఫ్యూల చిక్కుకున్నడు. సైకిల్ మీదొచ్చిన వేరే అయ్యగారికి రెండు దిక్కుల ఎవ్వరు తెలువది. ఆయన పుస్తకం మూసి, 'పిలగాని దిక్కోళ్ల మాట చాలదు, పిల్ల చెప్పాలె. లేకుంటే ఈ పెండ్లి చెయ్య' అన్నడు. ఆ పూట తప్పితే ఇగ ఆ పెండ్లి లేనట్టే. చిన్నయ్య మామ అప్పటికే నా చెయ్యి పట్టుకొని లేపుతున్నడు.

నేనేం చెప్పాలె? చూపులనాడు తలెత్తితే గద్ద ఎత్తుకపోతదన్నట్టు కూసోబెట్టిరి. ముఖమెక్కడ చూసిన? కుర్చీ కింద కాళ్లు చూసిన. ఎడమకాలు రెండో వేలు బొటనవేలు మీదెక్కి దొర లెక్క కూసునేది. చర్చి బయట బూట్లిడిసి వచ్చిండు గద, అట్లనే తలొంచుకొని చూసిన. దొర కూసునే ఉన్నడు.

'ఈయనే' అన్న.

'ముఖం చూడకుండనే ఎట్ల చెప్తవే?' అన్నడు మామ.

'ముఖం నువ్వు చూసినవ్ గద మామా, గుర్తుపట్టినవా?' అన్న.

అందరు నవ్విన్రు. అయ్యగారు పుస్తకం తెరిచిండు.

మోకిలకు పోయినంక ఒకనాడు పొద్దున నీళ్లు తెస్తున్న. వాకిట్ల ఎవరో పిలగాడు, సన్న ముఖం, బుగ్గన సొట్ట. కొంగు కప్పుకొని, 'ఎవరు కావాలె అన్నా? ఆయన ఇంట్ల లేడు' అన్న. వాపు దిగింది ఆయనకు. అక్కడ్నే కూలబడి ఒకటే నవ్వు. ఇగ బతికినన్ని దినాలు, పొలం నుంచి రాంగనే గడప అవతల నిలబడి 'ఆయన ఉన్నడా అమ్మా?' అనేటోడు. 'లేడు, రేపు రా' అనేదాన్ని నేను. రోజూ గదే ఆట. ఇప్పుడు ఎవరన్న వచ్చి అడిగితే...

లే, పొద్దుగూకుతున్నది. ఆ కోళ్లను గంప కింద కమ్ముపో.